తలుపు లేని ఆఫీసు

"వీర్రాజు ఏడి?" అన్నాడు అచ్యుతరావు.

పక్క బల్ల ఖాళీగా ఉంది. కుర్చీ కూడా లేదు. నిన్నటిదాకా అది ఉన్నచోట నేల మీద కాళ్ళ గీతలు మిగిలాయి.

"బదిలీ అయిందండీ," అంది మంజూష. ఆ ఆఫీసుకు ఆమే మేనేజరు. తలెత్తకుండానే చెప్పింది.

"ఎక్కడికి?"

"దూరం సార్."

మొన్న వెనక బల్ల అరుణాదేవి సంగతి అడిగినా ఇదే మాట. ఇక్కణ్ణించి బదిలీ అయిన మనిషి మళ్ళీ కనబడ్డది లేదు.

అచ్యుతరావు ఎర్రమంజిల్‌లో ఆడిట్ ఆఫీసరుగా చేసినవాడు. దొంగలెక్క ఎక్కడున్నా ముక్కుతో పసిగడతాడని పేరు. ఈ ఆఫీసులో అడుగడుగునా ఆ వాసనే. అమీర్‌పేటలో రాత్రికి రాత్రి బోర్డు కట్టి, జనాన్ని చేర్చుకుని, నెల తిరక్కుండా మాయమయ్యే సాఫ్ట్‌వేర్ కంపెనీల గురించి పేపర్లో చదువుతూనే ఉన్నాడు. తాను మాత్రం ఇందులో ఎలా చేరాడో అతనికే అంతుబట్టదు. పని అలవాటు చెడ్డది. ఎవరో కుర్చీ చూపించారు, కూర్చున్నాడు.

అతని బల్ల మీద ఫోనుంది. చెవిన పెట్టుకుంటే గుయ్యిమని కూడా అనదు. ఎదుటి బల్ల దగ్గర కమాల్ భాయ్ పొద్దస్తమానం టైపు కొడతాడు, తెర నల్లగానే ఉంటుంది. అచ్యుతరావు పొద్దుణ్ణించీ వోచర్లను తేదీల వరసన పేరుస్తాడు. నిన్న సాయంత్రం బాత్రూం నుంచి వస్తూ చూశాడు. మంజూష ఆ కట్టలు విప్పి పేకముక్కల్లా కలిపేస్తోంది.

అన్నిటికన్నా గుండె ఝల్లుమనిపించేది వేరే ఉంది. ఆ గదికి తలుపు లేదు. ఉంది గానీ గోడ రంగే పూసి, దాని మీదుగా గోడంతా కొండలూ చెట్లూ గీసి, తలుపన్నది కంటికి ఆనకుండా చేశారు. మంచివాళ్ళు చేసే పనేనా ఇది?

"కమాల్ భాయ్," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్విక్కడ ఎప్పుడు చేరావు?"

"నిన్ననో మొన్ననో, అన్నా."

"ఇంటికి ఎవరు పంపిస్తారు?"

"మా తమ్ముడు అజీమ్ వస్తడు. తీస్కపోతడు."

"రాకపోతే?"

కమాల్ వేళ్ళు ఆగిపోయాయి. "రాకపోతే ఎట్లన్నా?" అన్నాడు. పెద్దమనిషి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇంకో బదిలీ పడేలోగా వీళ్ళను బయట వెయ్యాలి, ఏమైనా సరే, అనుకున్నాడు అచ్యుతరావు.

మధ్యాహ్నం భోజనం క్యారియర్లు వచ్చాయి. కొండల బొమ్మ చీలి తెరుచుకుంది. మంజూష క్యారియర్లు అందుకునే సందులో అతను గోడవారగా జారి మెట్లు దిగేశాడు.

రోడ్డు మీద పడ్డాడు. ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బ్యానర్లు, ముఖం మీదికి తోసే కరపత్రాలు, ఒకర్నొకరు రాసుకుంటూ పోయే జనం. పంజాగుట్ట పోలీస్‌స్టేషను ఎటో ఒక్కసారిగా తోచలేదు. చాయ్ బండి దగ్గర కానిస్టేబులు కనబడ్డాడు. ప్రాణం లేచొచ్చింది.

"గట్ల ఉరుకుతున్నరేంది సార్?" అన్నాడు కానిస్టేబులు ఓదెలు.

"మనుషుల్ని బంధించారండీ! దొంగ కంపెనీ. ఒక్కొక్కళ్ళనే మాయం చేస్తున్నారు. పదండి, చూపిస్తాను."

ఓదెలు అతని మెడలో వేలాడే ఆఫీసు కార్డు తిప్పి, వెనక రాసింది చదివాడు. మొహం మారింది.

"నడువుండ్రి సార్. నేను సుత వస్త."

మంజూష మెట్ల దగ్గరే ఎదురైంది. కాళ్ళకు చెప్పుల్లేవు. రొప్పుతోంది. ఓదెలు ఆమె పక్కకు జరిగి ఏదో అడిగాడు. ఆమె ఏదో చెప్పింది. ఓదెలు అన్న ఆఖరి మాట మాత్రం అచ్యుతరావు చెవిన పడింది.

"ఈయనేనా?"

ఆమె తలూపింది. ఓదెలు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అంత మంచిగనే ఉన్నది సార్. లోపల కూసోండ్రి. జర చాయ్ తాగుండ్రి."

"నువ్వూ వీళ్ళ మనిషివేనటయ్యా? కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకోను?"

ఓదెలు టోపీ మళ్ళీ తలకు పెట్టుకున్నాడు. సెల్యూట్ కొట్టి దిగిపోయాడు.

అచ్యుతరావు లోపలికి రాగానే కొండల బొమ్మ మళ్ళీ కలిసిపోయింది.

"తలుపు తియ్!"

"తియ్యకూడదు సార్. మీరు అరిచినా, తిట్టినా, కాళ్ళు పట్టుకున్నా తియ్యొద్దని ఆర్డరు."

"ఎవడిచ్చాడు?"

"ఓనరు గారు."

"మనిషేనా వాడు? కడుపుకి అన్నం తింటున్నాడా, గడ్డి తింటున్నాడా?"

"ఆయన్నేమీ అనకండి సార్." ఆమె తలుపుకు అడ్డం నిలబడింది. "దేవుడిలాంటి మనిషి."

"దేవుడా! రమ్మను ఆ దేవుణ్ణి. కళ్ళలోకి చూసి అడుగుతాను, బతికున్న మనుషుల్ని గోడలో పూడ్చే బుద్ధి నీకెలా పుట్టిందిరా అని."

"ఇడువకు అన్నా వాన్ని," అన్నాడు కమాల్. బల్లల దగ్గర అందరూ పని ఆపి చూస్తున్నారు.

అచ్యుతరావు పిడికిలితో బల్ల గుద్దాడు. "వాడి పేరు చెప్పు!"

మంజూష అతని మొహంలోకి చూసింది. "చెప్పొద్దన్నది కూడా ఆయనే సార్," అని అటు తిరిగి పైట చెంగు కళ్ళకు అద్దుకుంది.

మతిమరుపు ముదరకముందే, తనకూ, తనలా జ్ఞాపకం జారిపోయేవాళ్ళకూ ఆ ఆఫీసు పెట్టించింది అచ్యుతరావే.