తలూపే వీడియో

రాత్రి ఆన్‌లైన్ క్లాసుకొచ్చేవాళ్ళంతా నా లెక్కలో ఒట్టి గొర్రెలు. లెక్చరర్ ఏం వాగినా తలలూపుతారు. పగలు కాలేజీలోనూ అంతే. వాళ్ళ పక్కన కూర్చోవడమే నాకు నామోషీ. అందుకే నేను తలూపుతున్నట్టు ఒక వీడియో తీసి, కెమెరా బదులు దాన్నే మళ్ళీ మళ్ళీ తిప్పుతూ, హాస్టల్ గదిలో ముసుగుతన్ని పడుకునేవాణ్ణి. ఇన్నాళ్ళుగా ఒక్కడూ కనిపెట్టలేదు.

నిన్న రాత్రి నవ్వులకి మెలకువ వచ్చింది. తెరమీద, వీడియోలోని నేను ఏదో జోకు చెబుతున్నాను. అలాంటిది నేను తీయలేదు. క్లాసంతా విరగబడి నవ్వుతోంది.

"నువ్వు లేకపోతే ఈ క్లాసుకి ఎవడొస్తాడ్రా," అన్నాడొకడు. ఆ మాట నాతో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

మైకు నొక్కి, "వాడు నేను కాదు సార్. నేనిక్కడున్నాను," అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి.

"నీ గదిలో ఎవరయ్యా మాట్లాడేది?" అని లెక్చరర్ అడిగింది నన్ను కాదు, వీడియోలోవాణ్ణి.

వాడు మెల్లగా నావైపు తిరిగాడు. నేను క్లాసువాళ్ళని చూసే చూపే అది.

"ఎవరూ లేరు సార్. గొర్రె ఒకటుంది. ఏం చెప్పినా తలూపుతుంది, అంతే."

కాదని చెబుదామనుకున్నాను. తలూపాను. ఇంకా ఊపుతూనే ఉన్నాను.