దొరసాని మీద నేరం

ఆదివారం మాంసం కొట్టాయన వచ్చి దొరసానిని పట్టుకుపోతాడు. పెద్దావిడ తీర్పు చెప్పేసింది.

దొరసాని అంటే పెరట్లో ఉన్న ఆరు పెట్టల్లో ఒకటి. ఎర్రటిది. మెడ నిక్కించి నడుస్తుంది. నేరం ఏమిటంటే, తన గుడ్డు తనే తాగేస్తోంది. అందరికన్నా ముందు గుడ్డు పెట్టేది అదే. పదిరోజులుగా ఆ గుడ్డు చేతికి రావడం లేదు. గూట్లో అది గుడ్డు పెట్టే గడిలో ఖాళీ పెంకు కనిపిస్తోంది.

ఇంట్లో గుడ్లు తినేది కొడుకూ కోడలూ, ఇద్దరు మనవరాళ్లూ. పెద్దావిడకు ఆ వాసన పడదు. పెద్దాయనకు డాక్టరు మాన్పించాడు.

పిల్లి పని కాదు. పక్కింటివాళ్ల పనీ కాదు. పెద్దాయన ముప్పై ఏళ్లు తాళాలు బాగుచేసి బతికినవాడు. పాత బీరువాతో తనే గూడు కట్టాడు. చుట్టూ ఇనుప వల బిగించాడు. తలుపుకు తాళం వేశాడు. ఆ వీధిలో సగం ఇళ్లకు అంత గట్టి తాళం లేదు.

"రుచి మరిగిన పెట్ట మానదు. దాన్ని చూసి మిగతావీ నేర్చుకుంటాయి," అంది పెద్దావిడ.

పెద్దాయన అసలు మాట్లాడే మనిషి కాదు. అన్నానికి పిలిస్తే తలూపడమే జవాబు. అలాంటివాడు దొరసాని కోసం నోరు విప్పాడు.

"పోనీలెద్దూ. పసిది."

"పసిదా? ఏడాదిన్నర దానికి. మనవరాళ్లనైనా ఎప్పుడన్నా ఇలా వెనకేసుకొచ్చారా?"

ఆయన బాధ ఆయనది. పన్నెండు కోడిపిల్లల్ని అట్టపెట్టెలో బల్బు కింద పెట్టి పెంచారు. అందులో ఆరు పుంజులని తేలితే పంచిపెట్టేశారు. దొరసాని అన్నిటికన్నా బక్కది. మిగతావి తొక్కేస్తుంటే చొక్కా జేబులో వేసుకుని తిరిగాడు. సిరంజితో చుక్కచుక్కా మందు పోశాడు. ఇప్పటికీ తెల్లవారగానే గూడు తీసి, నీళ్లు మార్చి, గడ్డి సర్ది, దాన్ని కాసేపు చంకలో పెట్టుకుని గానీ ఇంట్లోకి రాడు.

"ఆదివారం దాకా చూడవే. నేను చెప్తాను దానికి," అన్నాడు.

"చెప్పండి. మాతో లేని మాటలు దానితోనైనా ఆడితే అదే పదివేలు."

మర్నాడు శుక్రవారం. ఆరు గుడ్లూ ఉన్నాయి.

"చూశావా," అన్నాడు పెద్దాయన.

పెద్దావిడ దొరసాని గడిలో గడ్డి ఎత్తి చూసింది. పొడిగా ఉంది.

"ఈ పదిరోజుల్లో గడ్డి మీద ఒక్క చుక్క ఒలకలేదు. ముక్కుకు సొన అంటలేదు. ఎంత శుభ్రమైన తాగుడే తల్లీ నీది," అని దాన్ని మెచ్చుకుంది.

సాయంత్రం వంటింట్లో, కోడలు చూస్తుండగా, ఒక గుడ్డుకు సూదితో బెజ్జం చేసింది. కోడిపిల్లలకు మందు పోసిన సిరంజితో లోపలి సొన కొంత లాగింది. ఆ చోటులోకి మిరపకాయలు మెత్తగా నూరిన నీళ్లు ఎక్కించింది. కొవ్వొత్తి వెలిగించి, ఒక మైనపు చుక్కతో బెజ్జం మూసింది.

"ఇదేం వైద్యం అత్తయ్యా?"

"గుడ్లు తాగే అలవాటుకు దీన్ని మించిన మందు లేదు. ఒక్క గుక్క చాలు. మీ మామయ్యకు చెప్పకు."

"చెప్తే ఏమవుతుంది?"

"దాని వకీలు ఆయనే కదా. వెళ్లి చెవిలో ఊదేస్తారు."

పొద్దు వాలి కోళ్లన్నీ దండె ఎక్కాక, ఆ గుడ్డును దొరసాని గడిలో పెట్టి వచ్చింది.

శనివారం తెల్లవారింది. పెద్దాయన తాళంచెవి తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చి వంటింటి గుమ్మంలో కూలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ముక్కు తుడుచుకుంటున్నాడు. కోడలికి జాలేసింది. రేపే ఆదివారం మరి.

"గుడ్డులో కారం పెట్టావా?" అన్నాడు. గొంతు సరిగా పెగల్లేదు.

"పెట్టాను. తాగిందా?"

"తాగింది." తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"ఎలా ఉందిప్పుడు?"

"ఏం చెప్పను. విలవిల్లాడిపోయింది. నీళ్లతొట్టిలో పెట్టిన ముక్కు పైకి తీస్తే ఒట్టు. నోరులేని జీవం, ఎవరితో చెప్పుకుంటుంది?"

మామగారి నోట ఒక్కసారే ఇన్ని మాటలు కోడలు ఎన్నడూ వినలేదు.

"ఇక మానేస్తుందంటారా?" అంది పెద్దావిడ.

"జన్మలో గుడ్డు జోలికి పోదు. నాదీ పూచీ. కొట్టాయన్ని రావద్దని కబురు పెట్టు."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?"

"దాని మనసు నాకు తెలుసు."

కోడలు కూడా అందుకుంది. "వదిలేయండి అత్తయ్యా. పడాల్సిన శిక్ష పడిందిగా. అంత కారమంటే మాటలా?"

సరే, కబురు పెడతానంది పెద్దావిడ. లేచి అలమర తలుపు తీసింది.

"కోళ్లకు కారం తెలీదండీ," అంటూ చక్కెర డబ్బా తెచ్చి పెద్దాయన చేతిలో పెట్టింది.