కార్తీకంలో చల్లిన గడ్డి

ఒక అడవి అంచున చెంగలి అనే కుందేలు కాపురముండేది. ఎండాకాలంలో రేగిన కార్చిచ్చుకు దాని బొరియ ముందరి పచ్చికంతా మాడిపోయింది. తొలకరి పడగానే వానపాము తాత పైకొచ్చి, "వేళ్లు చచ్చాయమ్మా, గడ్డిగింజలు చల్లుకో" అని చెప్పాడు.

"పాత వేళ్లే చిగురిస్తాయిలే తాతా" అని చెంగలి కొట్టిపారేసింది. వానాకాలమంతా ఎదురుచూపుల్లోనే గడిచిపోయింది.

కార్తీకంలో దానికి ముగ్గురు పిల్లలు పుట్టారు. మేతకు బయటికొచ్చినప్పుడు దాక్కుందామంటే ముంగిట గడ్డిపరక లేదు. పైన గద్దలు తిరుగుతున్నాయి. చెంగలి పరుగున పోయి గింజలు ఏరుకొచ్చి, నేల గీరి చల్లింది.

అప్పటికే తాత తేమ వెతుక్కుంటూ లోతుకు దిగిపోతున్నాడు. "ఇప్పుడు మొలిచినా నిలవదమ్మా" అన్నాడు బాధగా.

"తెలుసు తాతా. అలాగని కాళ్లు ముడుచుకుని ఎలా కూర్చోను?"

మంచుకు మొలకలు వచ్చాయి. పిల్లలు గంతులేశారు. నాలుగో రోజుకు మొలకలు పసుపెక్కి, వారానికల్లా వాలిపోయాయి.

"రేపు లేస్తాయా అమ్మా?" అని చిన్నది అడిగింది.

చెంగలి వాలిన మొలకను ముక్కుతో తాకి చూసింది. "లేవవు తల్లీ. తప్పు నాదే" అంది.

గడ్డి ఎక్కడుందో తెలియకుండానే, పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ బోడినేల మీదుగా బయలుదేరింది. తలెత్తి ఆకాశం వైపు చూడడానికి దానికి ధైర్యం చాలలేదు.