ఎడమవైపు దూది

“మొదటి దశేగా! గడ్డొక్కటి తీసినా చాలందిగా డాక్టరమ్మ. రొమ్ము మొత్తం తీయించుకుంటానంటావేంటి?” ఆడపడుచు కసిరింది.

మరదలు కుట్టుమిషన్ ఆపలేదు.

“నాకు ఈ భయం పోవాలి వదినా. జాకెట్టులో ఎడమవైపు దూది పెట్టి కుట్టుకుంటా. ఎవరికీ తెలీదు.”

“చెప్పినంత తేలికా?”

“మీ అమ్మకి పన్నెండేళ్లు అలాగే కుట్టాను. గర్భసంచి ఆపరేషనని మీకు చెప్పింది ఈ రొమ్ము ఆపరేషనే. నాతో ఒట్టేయించుకుంది.”

ఆడపడుచు స్టూలు మీద కూలబడింది.

“వాటేసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టేది. పోయేదాకా అంతే. నేనంటే ఇష్టంలేదనుకున్నానే!”

మిషన్ ఆగింది.

“నీ ఇష్టం వచ్చినట్టే చేయించుకో,” అంది ఆడపడుచు, కళ్లు తుడుచుకుంటూ. “నీ కూతురికి మాత్రం చెప్పు. దగ్గరికొస్తే చెయ్యి అడ్డం పెట్టకు.”