పదో బొమ్మ

తెర మీద పదో బొమ్మ పడగానే రబ్బరు రాయడం ఆపి తలెత్తింది.

అది కళాచరిత్ర పరీక్ష. తెర పక్క దీపాలు ఆర్పి, మేడమ్ ఒక్కో బొమ్మలోంచి అరచేతంత ముక్కను గోడంత చేసి చూపిస్తున్నారు. అది ఏ కాలానిదో, ఎలాంటి చెయ్యి వేసిందో, అలా ఎందుకు అనిపించిందో ఆరు నిమిషాల్లో రాయాలి. మొదటి తొమ్మిది బొమ్మలకూ ఆమె తడుముకోకుండా రాసేసింది. చరిత్రలో ఆమెకు తిరుగులేదు. స్టూడియోలో మాత్రం గీసినదానికంటే చెరిపిందే ఎక్కువ. తోటివాళ్లు రబ్బరు అని పిలవడం అందుకే. ఈ ఏడాది మొదలుపెట్టిన నాలుగు బొమ్మల్లో ఒక్కటీ పూర్తి కాలేదు.

ఆమె సంచిలో ఒక ఫారం ఉంది. స్టూడియో వదిలేసి, చివరి ఏడాది కళాచరిత్ర ఒక్కటే చదువుతానని రాసుకుంది. మేడమ్‌కు ఆ సంగతి చెప్పింది కూడా. పొద్దున పిన్ని సంతకం అడిగితే, పిన్ని కుట్టు మిషను మీంచి తల తిప్పలేదు. మూడేళ్లుగా ఇంట్లో ఒక్క దుప్పటి కూడా మిగల్చకుండా రంగులు పూసి, ఇప్పుడు మానేస్తానంటే ఆ దుప్పట్లకు జవాబు ఎవరు చెప్పాలని అడిగింది. చివరికి, "ముందు పరీక్ష రాసి రావే. అప్పటికీ ఇదే మాటంటే చూద్దాం" అంది.

తెర మీద పసుపు గోడ, తడి నేల, బకెట్టు అంచున ఆరేసిన నీలం గుడ్డ. అంతే. బకెట్టు పిడిని మొదట ఒకచోట గీసి, కుదరక పక్కన మళ్లీ గీశారు. తప్పిన గీతను చెరపలేదు. దాన్ని నీడలో కలిపేసుకుని ముందుకు సాగిపోయారు. ఎంత దర్జాగా సాగిపోయారో చూసి రబ్బరుకు నవ్వొచ్చింది. కాలం దగ్గర 'తెలియదు' అని రాసి, మిగతా పేజీ అంతా ఆగకుండా నింపేసింది. ఒక్క కొట్టివేత కూడా లేదు.

ఇంటికెళ్లి ఫారం మళ్లీ చూపిస్తే పిన్ని కళ్లజోడు కనబడటం లేదంది. కళ్లజోడు పిన్ని ముక్కు మీదే ఉంది.

వారం తర్వాత మేడమ్ పేపర్లు పంచి, ఆమెను ఆగమన్నారు.

"పదోదానికి కాలం రాయలేదేమ్మా?"

"తెలియలేదు మేడమ్. అది ఏ పుస్తకంలోనూ చూడలేదు."

"అయినా పేజీ నింపావు. ఏదీ, చదువు."

రబ్బరు గొంతు సవరించుకుని చదివింది. "ఈ చిత్రకారుడికి అరవై దాటి ఉండాలి. నలభై ఏళ్లు పనిచేసిన చెయ్యి ఇది. ఎవరి మెప్పూ అక్కర్లేదు కాబట్టే తప్పును దాచుకోలేదు. ఇలాంటి మూల ఒక్కటి వెయ్యగలిగితే నేను స్టూడియో వదలను."

చివరి వాక్యం రాసినట్టు ఆమెకే గుర్తులేదు. చెవులు వేడెక్కాయి. మేడమ్ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. అరవై అన్నది తప్పనీ, తక్కినదంతా నిజమేననీ అన్నారు. ఎవరు వేశారని అడిగితే, బొమ్మ కాలేజీలోనే ఉందంటూ సొరుగులోంచి తాళంచెవి తీసి ఇచ్చారు.

"కింద సామాన్ల గదిలో బీరువా, మూడో అర. పై కాగితమే. బోర్లించి పెట్టాను. ఫారం సంగతి అది చూశాక చెబుదువుగాని."

రబ్బరు రెండేసి మెట్లు దూకుతూ దిగింది. అరవై కాకపోతే డెబ్బై అయి ఉంటుంది. ఆ పెద్దాయన ఇంకా ఉంటే ఎలాగైనా అడ్రసు సంపాదించాలి. వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుని, చెరపకుండా గీయడం ఎలాగో నేర్పమని అడగాలి. కసిరినా సరే, కదలకూడదు. పిన్నిని కూడా వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది, ఆవిడ మాట కాదనగలిగినవాళ్లు లేరు.

సామాన్ల గదిలో కాలు విరిగిన స్టాండ్లు, ముక్కు పోయిన ప్లాస్టర్ విగ్రహాలు. బీరువా తలుపు మొరాయించింది. రెండు చేతులతో లాగితే తెరుచుకుంది. మూడో అరలో పై కాగితం బోర్లించే ఉంది. ఆమె దాన్ని కిటికీ వెలుతురులోకి తెచ్చి, వెనక ఉన్న అక్షరాల మీది దుమ్ము ఊదింది.

మూడేళ్ల కిందటి ప్రవేశ పరీక్ష ముద్ర పక్కన ఆమె పేరే ఉంది.