అడగకూడని ప్రశ్న

నాకు అక్షరాలు ఆలస్యంగా, భర్త పోయాక వచ్చాయి. ఇప్పటికీ ఒక్కో మాట కూడబలుక్కునే రాస్తాను. ఒత్తులు తప్పితే తప్పు నాదే, నేర్పిన పిల్లది కాదు. మన్నించి చదవండి.

"ఈ మూడోది కొట్టేస్తున్నా," అంది జ్యోతిర్మయి, ఎర్ర పెన్ను తీస్తూ.

యూనివర్సిటీ లా కాలేజీలో ఉచిత సలహాలిచ్చే గది అది. అత్యాచార చట్టాన్ని మార్చమని ప్రభుత్వానికి పంపబోయే వినతిపత్రం బల్ల మీద ఉంది.

"భార్యను భర్త బలవంతం చేస్తే నేరం కాదన్న మినహాయింపు తీసెయ్యాలన్నదేనా? అసలు ముచ్చట అదే కదక్కా?" అన్నాడు దిలీప్, ఆమె జూనియర్.

"అది చూస్తే ఏ లీడరూ సంతకం పెట్టడు. మిగతావన్నీ ఆగిపోతయ్. మొగుళ్ల సంగతి మళ్లెప్పుడన్నా చూద్దాం."

గీత పడింది.

అప్పుడే గుమ్మంలోకి ఇద్దరు వచ్చారు. ఒక పెద్దామె, ఆమె చెయ్యి పట్టుకుని పాతికేళ్ల పిల్ల. అంత ఉక్కలోనూ ఆ పిల్ల మెడచుట్టూ చున్నీ బిగించి చుట్టుకుంది.

"రండి పెద్దమ్మా, కూర్చోండి. ఎక్కడి నుంచి?"

"తార్నాక. ఈ పిల్ల పద్మశ్రీ. దీని మీద కేసు రాయాలె బిడ్డా."

"ఈమె మీదనా?"

"అయ్యో, దీని మీద కాదు. దీన్ని పాడుచేసినోని మీద. పొద్దుగూకకముందే కావాలె. వాడు డ్యూటీ దిగి మళ్ల వస్తడు."

దిలీప్ పెన్ను అందుకున్నాడు. "వయసెంత? పెళ్లి..."

జ్యోతిర్మయి గోడ వైపు చూపించింది. ఆమే రాసి అంటించిన కాగితం అక్కడుంది. 'పెళ్లయిందా, ఎవరితో తిరుగుతావు, అప్పుడే ఎందుకు చెప్పలేదు: ఈ గదిలో ఎవరినీ అడగకూడదు.' దిలీప్ నాలుక కరుచుకున్నాడు.

"నువ్వు చెప్పు పద్మశ్రీ. తొందరేం లేదు."

పద్మశ్రీ నేల చూస్తూ చెప్పింది. "వద్దన్న. దండం పెట్టిన. తలుపు గొళ్లెం వేసిండు. మొన్న కూడ అంతే." తలెత్తి, "నేను కొట్లాడలే. భయానికి కట్టెలెక్క పడున్న. అట్లయితే కేసు కాదంటరా?"

"ఎవరన్నరు? కొట్లాడకపోతే ఒప్పుకున్నట్టు కాదు. చట్టంలనే ఉన్నది. పదేండ్లకు తక్కువ పడదు వాడికి."

"పదేండ్లు," అంది పెద్దామె. కళ్లు మూసుకుని తెరిచింది. "పడనీ."

"ఇంట్లకు ఎట్ల వస్తున్నడు?"

"వాడి దగ్గర తాళంచెవి ఉన్నది. నేను తాళం మార్పిస్తే కొత్త చెవి గూడ గుంజుకున్నడు. ఇల్లు వాడి పేరు మీదనే ఉన్నదాయె."

"ఓనరా! ఒంటరి ఆడోళ్లు కిరాయికి దిగితే చాలు, వీళ్లకు..." జ్యోతిర్మయి పళ్లు కొరికింది.

పద్మశ్రీ ఏదో చెప్పబోయింది. పెద్దామె సంచిలో ఫోన్ మోగింది. పద్మశ్రీ చెయ్యి చున్నీ మీదికి పోయింది. గాయం దాచుకుంటోందనుకుని జ్యోతిర్మయి చూపు తిప్పుకుంది.

"వాడే." పెద్దామె ఫోన్ కట్ చేసింది. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసింది. "ఇంటికొచ్చినట్టున్నడు. జల్ది రాయి బిడ్డా."

"సాక్షి ఎవరన్నా ఉన్నరా?"

"నేనే. పక్క అర్రల ఉన్న. అంతా విన్న. తలుపు కొట్టిన, తియ్యలే."

"కోర్టుల చెప్పాల్సి వస్తది. రేపు వాళ్లమ్మ వచ్చి మీ కాళ్ల మీద పడి ఏడుస్తది. అప్పుడు మెత్తబడొద్దు."

"ఆమె రాదు."

"అందరి అమ్మలూ వస్తరు పెద్దమ్మా. కొడుకు జైలుకు పోతుంటే ఊకుంటదా?"

"ఆమె ఏడ్సుడు అయిపోయింది. నువ్వు రాయి."

జ్యోతిర్మయి దిలీప్ దగ్గర పెన్ను తీసుకుని రాయడం మొదలుపెట్టింది. "సాక్షిగా మీ పేరు?"

"భూదేవి."

"భర్త పేరు?"

"చంద్రయ్య. కాలం చేసిండు."

"వేలిముద్ర వేస్తరా?"

"సంతకమే పెడత." పెద్దామె మొహంలో మొదటిసారి కాస్త వెలుగు కనిపించింది. "ఈ పిల్లే నేర్పింది. పొయ్యికాడ కూసోబెట్టి, బొగ్గుముక్కతోని."

ఒక్కో అక్షరం దిద్దుతూ రాసింది. పద్మశ్రీ కాగితం జరగకుండా పట్టుకుంది. బయట ఏదో బైకు ఆగిన చప్పుడైతే ఇద్దరూ ఒక్కసారే గుమ్మం వైపు చూశారు. ఎవరో విద్యార్థి.

"ఇగ వాడిది. పేరు?"

"రఘువీర్."

"తండ్రి పేరు? తెల్వకుంటే ఫికర్ లేదు, పోలీసులే రాసుకుంటరు."

పెద్దామె పద్మశ్రీ చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"పైన నా పేరు పక్కన రాసినవు గద బిడ్డా, చంద్రయ్యే."

భూదేవి, అరవై రెండేళ్లు. ఇప్పుడు కోడలితో మల్కాజ్‌గిరిలో ఉంటున్నాను.