ముక్కలైతే మామ ఒప్పుకోడు

"ముక్కలు ముక్కలుగ వద్దక్కా! పైనుంచి కింది దాక ఒక్కటే ఫొటో రావాలె," అన్నాడు హాతీరాం కుర్చీ అంచున కూర్చుని.

బూర్గంపాడులో నెట్ సెంటర్ నడిపే హెప్సిబా నెత్తి కొట్టుకుంది. తెర మీద టీచర్ల లిస్టు, మూడు వందల పేర్లు! తెర మీద కనపడినంత వరకే ఫొటో తీయడం ఆమెకు తెలుసు. అలా పదిహేను తీసింది కూడా.

"వరసగ చూసుకుంటే అయిపాయె గద తమ్మీ!"

"బిచ్యా మామ సంగతి నీకు తెల్వదు. నడుమ ముక్క దాచినవంటడు. లిస్టు మొత్తం కండ్ల చూస్తేనే బిడ్డ మంగ్లిని నాకిస్తడంట. రేపు పొద్దుగాల దాన్ని చూడనీకి అశ్వారావుపేట సంబంధపోళ్లొస్తున్నరు."

"గంత అనుమానమేంది ఆయనకు?"

"ఒక్కతే బిడ్డ. పొద్దుగాల దాని మొహం చూడంది చాయ్ తాగడు."

నిజమే మరి, ఏ తండ్రికైనా సర్కారు నౌకరీ అల్లుడే కావాలి. హెప్సిబా సెంటర్‌కు వచ్చేవాళ్లలో సగం మంది లిస్టుల్లో పేరు వెతుక్కునేవాళ్లే. పేరుంటే స్వీట్లు, లేకపోతే ఏడుపు మొహాలు. ఈ పిల్లవాడి మొహం మాత్రం మతాబాలా వెలుగుతోంది. ఎలాగైనా వీడి పెళ్లి చేయాల్సిందే అనుకుంది.

"ఆగు, కంప్యూటర్ పత్రికతోని ఒక సీడీ వచ్చింది. దాంట్ల ఉండాలె."

ఉంది! బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ఎక్స్‌టెన్షన్. పేజీ ఎంత పొడుగున్నా ఒకే బొమ్మగా తీస్తుందట. ఆ ఫైలును లాగి బ్రౌజర్ మీద వేసింది. ఈ వెర్షన్‌కు సరిపడదు పొమ్మంది బ్రౌజర్.

"అయ్యో, మంగ్లి పాయె!" హాతీరాం గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"యాడికి పోదులే, ఉండు!"

సీడీలోనే పాత ఫైలు మరొకటి దొరికింది. ఈసారి ఇన్‌స్టాల్ బటన్ మీద అంకెలు కదిలాయి. నాలుగు, మూడు, రెండు... అంకెలు అయిపోగానే నొక్కింది. బ్రౌజర్‌ను మూసి మళ్లీ తెరవమంది.

"మూస్తే లిస్టు పోదు గద?"

"ప్రార్థన చేస్కో."

తెరిచింది. లిస్టు నత్తనడకన దిగింది. మూలన బుల్లి కెమెరా గుర్తు కనపడింది. నొక్కగానే తాడిచెట్టంత పొడుగు బొమ్మ! ఇద్దరూ ఒకేసారి కేక పెట్టారు. పక్క కుర్చీలో రైలు టికెట్ చూసుకుంటున్న జంపయ్య ఉలిక్కిపడ్డాడు.

బొమ్మను పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చింది.

"మా తండా బడిల కంప్యూటరుంది, నెట్టే లేదు. తాళం నాతాన్నే ఉంది. మాపటికే మామకు చూపిస్త," అన్నాడు హాతీరాం.

విద్యా వలంటీరై ఉంటాడు పాపం, ఇన్నాళ్లకు పర్మినెంట్ అయ్యాడు అనుకుని మురిసిపోయింది హెప్సిబా.

"నౌకరీకి నౌకరీ, పిల్లకు పిల్ల! రొట్టె విరిగి నేతిల పడ్డది పో! ఏదీ, నీ పేరు యాడుందో చూపియ్యి, నేను గూడ చూస్త."

హాతీరాం పకపకా నవ్వాడు.

"ఇది జిల్లా దాటి బదిలైన టీచర్ల లిస్టు. బిడ్డను దూరం తీస్కపోతనని మామ భయం. దీంట్ల నా పేరు లేదక్కా!"